ఏకగ్రీవ క్వాంటమ్

పసిఫిక్‌లోనే మొట్టమొదటి క్వాంటమ్ కంప్యూటింగ్ సిద్ధాంత పఠన బృందం మన లబాసా పట్నంలో పుట్టిందని మంత్రి ధర్మసామి గారు ప్రకటించారు. ఏం చదవాలో మాత్రం ఇంకా తేలలేదు. అంత పెద్దాయన అంత చిన్న విషయం పట్టించుకుంటారా!

టాపిక్ ఎంపిక మీటింగ్‌లో వేరు పొడితో చేసే మా మత్తు పానీయం యంగోనా కలిపింది నేనే. కొబ్బరి చిప్పతో తాగిన వరసలోనే టాపిక్ చెప్పాలన్నారు. మొదటి చిప్ప మంత్రిగారిదే.

"లబాసా చెరకు, క్వాంటమ్."

"అద్భుతం సార్! కానీ చెరకంటే మా బులిలేకా ఊరు. లబాసా పేరు ఎలా పెడతారు?" అన్నాడు రైతు నాయకుడు పోతయ్య.

"అయితే టూరిజం, క్వాంటమ్," అన్నాడు సబేటో ఊళ్లో హోటల్ నడిపే వేలు.

"అంటే మా చెరకు దండగా భయ్యా?" అని లేచాడు పోతయ్య.

నాలుగు రౌండ్లు ఇదే గోల. ఆఖరి చిప్ప కామినికి అందింది. కాలేజీలో లెక్కలు చెప్పే అమ్మాయి, ఆరేళ్లుగా టెంపరరీ. బృందం ఆమె టాపిక్ తీసుకుంటే పర్మనెంట్ చేయిస్తామన్నారట.

"క్వాంటమ్ కంప్యూటర్‌లో క్యూబిట్లు పొరపాట్లు చేస్తూనే ఉంటాయి సార్. అయినా సరైన జవాబు రాబట్టడం ఎలా?"

అందరూ తలలూపేశారు. అభ్యంతరం చెప్పాలంటే ముందు అర్థం కావాలి కదా.

"ఠీక్ హై, ఏకగ్రీవం!" అన్నారు మంత్రిగారు.

మొదటి సభలో ఉపన్యాసం మంత్రిగారిది. రాసిపెట్టింది కామిని. స్టేజీ మీద కుర్చీలు పన్నెండు, పెద్దమనుషులూ పన్నెండు మందే.

"నువ్వు మనింటి పిల్లవి కదమ్మా, టీల సంగతి చూడు," అన్నాడు పోతయ్య కామినితో.

"ఎవరైనా ప్రశ్నలడిగితే, తాతా?"

"మంత్రిగారిని ప్రశ్నలడిగేదెవరే!"

రాజధాని సువా నుంచి వచ్చిన ప్రొఫెసర్ మీరాకి ఆ మర్యాద తెలియదు. "రెండు క్యూబిట్లు ఒకేసారి చెడితే మీ పద్ధతి నిలుస్తుందా సార్?" అని అడిగేసింది.

మంత్రిగారు పీఏని చూశారు. పీఏ నన్ను చూశాడు. నేను యంగోనా కలుపుకుంటున్నాను.

కామిని చేతిలో ట్రేతోనే జవాబు చెప్పింది. అయిదు నిమిషాలు. టీలు చల్లారిపోయాయి. ప్రొఫెసర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మంత్రిగారు మైకు లాక్కున్నారు.

"చూశారా! మా హయాంలో టీలందించే అమ్మాయికి కూడా క్వాంటమ్ వచ్చు!"

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. నేనూ కొట్టాను.

మంత్రిగారు ప్రతిభను మరిచిపోయే మనిషి కాదు. వారం తిరక్కుండా ఆర్డర్ వచ్చింది. కామినిని పర్మనెంట్ చేశారు. మంత్రిగారి ఆఫీసులో, టీలిచ్చే పనిలో.