అన్ని పాఠాల్లోనూ బైబిలే!

లెక్కల్లో బైబిల్, సైన్సులో బైబిల్, డ్రాయింగులో బైబిల్! పిల్లల చదువు బాగుపడాలంటే ఇంతకు మించిన మార్గం లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కాదనే పెద్దమనుషులు ఎవరైనా ఉంటే పొదిలి బస్సెక్కి మా ఊరు దయచేయండి. మా మిషన్ స్కూలు చూపిస్తాను. భోజనం ఖర్చు కూడా నాదే.

నేనేదో మతం పుచ్చుకున్నానని అనుకునేరు! మంగళవారం మంగళవారం ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించే మనిషిని. పత్తి, మిరప తప్ప మా ఇంట్లో వేరే సిద్ధాంతం లేదు. అయినా మంచి ఎక్కడున్నా ఒప్పుకోవాలి కదా?

కిందటేడు మిషన్ పెద్దల దగ్గర్నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ప్రతి సబ్జెక్టులోనూ బైబిల్ కలిపి చెప్పాలి, పరీక్షల్లోనూ కలిపి అడగాలి అని. హెడ్మాస్టరు జక్రయ్య గారు సర్క్యులరంటే ప్రాణం పెట్టే మనిషి. మర్నాడే మొదలుపెట్టారు. మా ఊళ్లో విద్య ఎంతగా వెలిగిపోయిందో చెప్పలేను!

లెక్కలే చూడండి. ప్రభుత్వం వారు మీటర్లు, సెంటీమీటర్లు అంటూ మన ప్రాణాలు తోడేస్తున్న రోజులివి. మా ఆవిడ హనుమాయమ్మ బట్టల కొట్టుకు వెళ్లినప్పుడల్లా, మీటరంటే గజానికి ఎక్కువా తక్కువా అని పోట్లాడి వస్తోంది. మిషన్ స్కూల్లో ఆ బాధే లేదు. ప్రళయానికి ముందు నోవహు కట్టిన ఓడ పొడవు మూరల్లో! వెడల్పు మూరల్లో! పూలమ్మే మనిషికీ నోవహుకీ ఒకటే కొలత. ఇంతకన్నా సులువైన చదువు ఇంకెక్కడైనా ఉందా?

భాగహారానికి వద్దాం. అయిదు రొట్టెలు, రెండు చేపలు అయిదు వేలమందికి పంచితే తలకెంత? మా అమ్మాయి కోటిరత్నం పాపం భిన్నం వేసి తప్పింది. సరైన జవాబు 'కడుపు నిండా' అట. అది విని మా ఆవిడ స్కూలుకు బయల్దేరబోయింది.

"ఆ లెక్కేదో నాక్కూడా చెప్పమను. పత్తి తీతకి కూలోళ్లొచ్చినప్పుడల్లా వండలేక చస్తన్నా" అంది.

డ్రాయింగు పరీక్షలో ఓడ ఎక్కుతున్న పశువులను రెండేసి చొప్పున వేయమన్నారు. మా పిల్లలు ఒంగోలు ఎద్దులను కాడి కట్టి, మెడలో గంటలతో సహా వేశారు. రెండూ ఎద్దులే అయితే వరద తీశాక దూడలు ఎక్కడి నుంచి వస్తాయని డ్రాయింగు మాస్టారు తల పట్టుకున్నారు. "ముందు పొలం దున్నాలి గదండీ!" అని క్లాసంతా ఒకటే గోల.

ఇన్ని లాభాల మధ్య ఒక్క చిన్న నష్టం జరిగింది. చిన్నదే లెండి.

మా పక్కింటి బుడాన్ కూతురు కరీమున్ ఎనిమిదో తరగతి. పబ్లిక్ పరీక్ష పాసైతే టీచరు ట్రైనింగుకు పంపుతానని బుడాన్ మాటిచ్చాడు. తప్పితే మళ్లీ చదివించే ఓపిక తనకు లేదనీ చెప్పాడు. టీచరు అవుతానని ఆ పిల్ల అప్పుడే మా అరుగు మీద చిన్నపిల్లలను కూర్చోబెట్టి బెత్తం ఝుళిపించేది.

పబ్లిక్‌కు ముందు స్కూలు వారి సెలక్షన్ పరీక్ష ఉంటుంది. అందులో తప్పినవాళ్లను పబ్లిక్‌కు పంపరు. సైన్సు పేపర్లో అడిగారు: ఒకాయన విత్తనాలు చల్లితే కొన్ని దారిలో, కొన్ని రాళ్ల మీద, కొన్ని ముళ్లపొదల్లో పడి పాడైపోయాయి, కారణమేమి?

కరీమున్ వాళ్ల అమ్మ ఖాజాబీ ఏటా జొన్న విత్తేటప్పుడు గొర్రు వెనక నడుస్తూ గింజలు పోసే మనిషి. అంచేత ఆ పిల్ల తడుముకోకుండా, 'గొర్రు కట్టకుండా చేత్తో చల్లినందువల్ల. ఆయన ఇంట్లో అడిగేవాళ్లు లేరు' అని రాసింది. బైబిల్లో చెప్పినట్టు, మనుషుల హృదయాలు కఠినమైనవి కనుక అని రాయాలట. సున్నా వేశారు. ఆ సున్నాతో సైన్సు తప్పింది.

బుడాన్ నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గారి గదికి వెళ్లాడు.

"మాస్టారూ, మా పిల్ల రాసిందాంట్లో తప్పేవుందండీ? రోడ్డు మీద ఇత్తనాలు పోస్తే మా నాయన నా ఈపు పగలగొట్టేవాడు. పోనీ, పిల్లదానికి తెలవలేదనుకోండి. పరీచ్చకి మాత్రం పంపండి, మీకు దణ్ణం పెడతా" అన్నాడు.

జక్రయ్య గారు నొచ్చుకున్నారు. "నాకు మాత్రం బాధ లేదా బుడాన్? కానీ ఏటా నూటికి నూరు పాసని గేటు మీద బోర్డు కడుతున్నాం. ఒక్క పిల్ల కోసం స్కూలు పేరు పోగొట్టుకోమంటావా?"

నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయేలోగా పక్క గదిలో లెక్కల మాస్టారి గొంతు ఖంగుమంది.

"ఒక కాపరికి వంద గొర్రెలు. ఒకటి తప్పిపోయింది. తక్కిన వాటిని అక్కడే వదిలి కాపరి దాన్ని వెతకడానికి పోయాడు. మందలో మిగిలింది నూటికి ఎంత?"

"తొంభై తొమ్మిదండీ!" అని పిల్లలు అరిచారు.

జక్రయ్య గారి ముఖం విప్పారింది. "విన్నారా? ఒక్కడు కూడా తప్పు చెప్పలేదు!"

బుడాన్‌కు లెక్క పట్టలేదు. అతనికి ఇంటి దగ్గర గొర్రెలూ మేకలూ కలిపి నాలుగు జీవాలున్నాయి.

"ఇంతకీ ఆ తప్పిపోయిన గొర్రె దొరికిందాండీ?" అని అడిగాడు.

జక్రయ్య గారు గోడ మీది టైంటేబుల్ వైపు చూశారు.

"అది స్క్రిప్చర్ పీరియడ్‌లో, అదే, బైబిల్ క్లాసులో చెప్పేవాళ్లం బుడాన్. అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపేశాక ఇంకా ఎందుకని ఆ పీరియడ్ తీసేశాం" అన్నారు.

కరీమున్ ఇప్పుడు వాళ్ల మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. బడి నుంచి ఇంతవరకు ఎవరూ ఆ పిల్లను వెతుక్కుంటూ రాలేదు.