కామానికి ఒక చీటీ తక్కువ

పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటిన ఇంట్లో కామం అనే మాటకు పనిలేదని లోకం నమ్మకం. నిఘంటు సంపాదకుడూ అలాగే నమ్మాడు గాని, ఆధారం లేనిదే ఆయన అక్షరం అచ్చువేయడు. మనోభావాలను చెప్పే ప్రతి మాటకూ, ఎవరో ఒకరు తన గురించి తాను నిజంగా చెప్పుకున్న వాక్యం తేదీతో సహా చీటీ మీద ఉండాలి, కల్పితం చెల్లదు. లేకపోతే పక్కన 'వాడుకలో లేదు' అని పడుతుంది. ఆకలికీ, కోపానికీ, చివరికి అసూయకూ చీటీలు దొరికాయి. కామానికి దొరకలేదు. ఆ సాయంత్రం అయిదింటికి ప్రూఫు ముద్రణాలయం చేరాలి. ఆయన ఇంతవరకు ఒక్క గడువూ తప్పినవాడు కాడు.

పొద్దున్నే భార్య చొక్కా ఇస్త్రీ చేస్తుండగా అడిగాడు. "కామం అనే మాట నువ్వు చివరిసారి ఎప్పుడు వాడావు?"

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఎవరావిడ?"

"ఏ ఆవిడ?"

"అదే నేనూ అడుగుతున్నా."

అరగంటలో ఆమె తమ్ముడు దిగాడు. వెనకే సంపాదకుడి అక్క, ఆవిడ వెనక రక్తపోటు యంత్రంతో మేడమీది డాక్టరు.

"ఈ వయసులో కామమేంటి బావా, పరువు పోదూ!"

సంపాదకుడు చీటీ తీశాడు.

"కామంతో కళ్ళు మూసుకుపోయాయిరా నీకు!" అంది అక్క.

"నెమ్మదిగా చెప్పవే, ఇంకా 'కళ్ళు' దగ్గరే ఉన్నా."

"కామం అందరికీ ఉండేదే లెండి," అన్నాడు డాక్టరు.

సంపాదకుడి కలం ఆశగా లేచింది. "మీకు కూడానా?"

"నాకా? ఛ ఛ! మాటవరసకి అన్నాను," అంటూ డాక్టరు యంత్రం చుట్టేసి మెట్లెక్కాడు.

మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు. సంపాదకుడు చీటీలన్నీ బల్లమీద పరిచి భార్యకు నియమం వివరించాడు. "పదకొండు వచ్చాయి. పదకొండూ పక్కవాళ్ళ గురించే!"

ఆమె అన్నీ చదివింది. "ఈ మాత్రం దానికి మా తమ్ముణ్ణి పిలిపించారా? మీరే ఒకటి రాసుకోవచ్చుగా?"

"పిలిచింది నువ్వు. సంపాదకుడి వాక్యం చెల్లదు."

ఆమె ఆయన చేతిలోంచి కలం లాక్కుని, ఖాళీ చీటీ మీద ఒక వాక్యం రాసి, కింద ఆనాటి తేదీ వేసింది. ఆయన చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇది... ఉదాహరణకి రాశావా?"

"కల్పితం చెల్లదన్నారుగా!"

కామం పక్కన 'వాడుకలో ఉంది' అని పడింది. ప్రూఫు మర్నాడు పదకొండింటికి ముద్రణాలయం చేరింది.