కోడలికి ప్రమోషన్, నాకు కాలి నొప్పి

మా చెన్నూరులో అబద్ధాలకు పోటీ పెడితే రెండో బహుమతి ఎవరికి వస్తుందో తెలియదు గానీ, మొదటిది మాత్రం మా ఇంటికే నడిచొస్తుంది. వరదలో నావ దొరక్క మొసలి మీద కూర్చుని గోదావరి దాటానని ఒకసారి చెప్పాను. విన్నవాళ్లు "వాపసు గూడ గా మొసలి మీదనే వచ్చినవా?" అని అడిగారే తప్ప, అనుమానపడిన వాడు ఒక్కడూ లేడు. అలాంటి ఈ సాల్మన్‌ను, అంటే నన్ను, ఒక్క కాలి నొప్పి ఎలా ముంచిందో చెబుతాను, వినండి.

మా కోడలు ప్రిస్కిల్లా సర్కారు దవాఖానాలో నర్సు. పన్నెండేళ్లుగా టీకాల డబ్బా భుజాన వేసుకుని ఊరూరూ తిరుగుతోంది. పొద్దున్నే లేచి వండుతుంది, కూతురు షారోన్‌కు జడ వేస్తుంది, నా చక్కెర మాత్ర నా అరచేతిలో పెడుతుంది, మొగుడి బండి తాళం వెతికి ఇస్తుంది, ఆఖరి ముద్ద గుమ్మంలో మింగి బస్సెక్కుతుంది. ఆమె కూర్చుని అన్నం తినగా చూసినవాళ్లుంటే చెయ్యెత్తండి. నేనైతే చూడలేదు.

మా కొడుకు అనిల్ కుమార్ ట్రాలీ ఆటో నడుపుతాడు. పది బస్తాలు ఎత్తుతాడు గానీ తిన్న కంచం ఎత్తడు. "తండ్రి పోలిక" అంటుంది మా ఆవిడ ఎలీసబెతు. నాకు బిరుదులు ఇవ్వడంలో ఆమెకు పిసినారితనం లేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ప్రిస్కిల్లా ఒక కాగితం పట్టుకొచ్చింది. సూపర్‌వైజర్‌గా ప్రమోషన్. ఉట్నూరులో. సోమవారం చేరాలి, చేరకపోతే ఆ కుర్చీ జాబితాలో తరువాతి ఆమెకు పోతుంది. ఉట్నూరంటే రెండు బస్సులు మారాలి, నాలుగు గంటల తోవ. సోమవారం పోయిన మనిషి శనివారం గానీ ఇల్లు చూడదు.

"నువ్వు పోతే షారోన్ జడ ఎవలేస్తరు?" అన్నాడు మా వాడు.

"నాకు చేతుల్లేవారా?" అంది ఎలీసబెతు.

ప్రిస్కిల్లా ముగ్గురి ముఖాలూ చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆ సాయంత్రమే ఒక కొత్త సంచి కూడా కొనుక్కొచ్చిందని తరువాత తెలిసింది.

నా బాధ వేరు. కోడలు పోతే నాకు చాయ్ పెట్టేది ఎలీసబెతు. ఆమె పెట్టిన చాయ్ ఒకసారి పొరపాటున తొట్టిలో ఒలికితే, తాగిన బర్రె నెల రోజులు పుట్టింటి వైపు చూస్తూ నిలబడింది. పోవద్దు అంటే ఊళ్లో చెడ్డ మామనవుతాను. పొమ్మంటే నా బతుకు ఆ బర్రె బతుకవుతుంది. అందుకని రోగం తెచ్చుకుందామనుకున్నాను.

కానీ నర్సున్న ఇంట్లో రోగం తెచ్చుకోవడం దొంగకు పోలీసు ఇంట్లో అద్దెకు దిగడం లాంటిది. జ్వరమంటే నాలుక కింద గొట్టం పెడుతుంది. బీపీ అంటే చేతికి పట్టీ కడుతుంది. ఏ యంత్రానికీ దొరకని రోగం కావాలి. బాగా ఆలోచించి నా ఎడమ కాలిని ఎన్నుకున్నాను.

శనివారం పొద్దున మంచం మీది నుంచి అరిచాను. "ఓ అవ్వో! కాలు లేస్తలేదు!"

ఎలీసబెతు చీపురుతో వచ్చింది. "నిన్న అంగడికి ఉరికి ఉరికి పోతివి గదా?"

"రోగం చెప్పి వస్తదా ఏంది?"

"నాకైతే చెప్పి రాదు. నీకు చెప్పే వచ్చినట్టున్నది."

అనిల్ కంగారుపడ్డాడు. "బాపూ, దవాఖానకు పోదాం నడు. ట్రాలీల టమాటలున్నయి, నడుమ జాగ చేస్త."

"టమాటల నడుమ పండవెట్టుడు నేను సచ్చినంక చెయ్యి" అన్నాను.

ఏ కాలో మరిచిపోతానేమోనని ఎడమ మోకాలికి ఎర్ర తువ్వాలు కట్టుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ మురిపెంలోనే నిద్రపోయాను. మధ్యాహ్నం లేచి తువ్వాలు చూసుకుని మూలుగు అందుకున్నాను.

"ఏ కాలయ్యా?" అంది ఎలీసబెతు.

"కండ్లు లేవా? తువ్వాలు కట్టిన కాలు!"

"నువ్వు పండుకున్నంక తువ్వాలు ఇప్పి కుడికాలుకు కట్టిన. నొప్పి గూడ తువ్వాలెంబడి నడిచొచ్చిందా?"

మొసలిని మచ్చిక చేసుకున్నవాణ్ని, తువ్వాలుకు దొరికిపోయాను. ఆమె చేతులు పట్టుకున్నాను. "ఎవ్వలకు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

"నేనెందుకు చెప్త? నీ దిక్కే ఉంట" అంది, వెన్నలాగా. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాతో అంత మెత్తగా మాట్లాడింది లేదు. నేను అక్కడే భయపడాల్సింది.

సాయంత్రం ప్రిస్కిల్లా డ్యూటీ నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా నూనె వేడి చేసి నా కాలు పట్టింది.

"గీడ నొస్తదా మామా?"

"ఆఁ, గాడనే బిడ్డా."

అక్కడే ఇంకాస్త నూనె రాసింది. తరువాత నెమ్మదిగా అంది. "నేను పోను తీ మామా. నువ్విట్లుంటే ఇడిసిపెట్టి ఏడికి పోత? సోమవారం ఫోన్ జేసి వద్దని చెప్త."

గెలిచాను. కోడలు లేచి, మంచం కింది నుంచి కొత్త సంచి తీసి, అటక మీదికి ఎక్కించింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని "నూనె పడ్డది" అంది. కొబ్బరి నూనె కళ్లు మండించదని నాకు తెలియదా?

అప్పుడే వినోద వచ్చింది. కోడలితో పాటు శిక్షణ పొందిన పిల్ల, అదే దవాఖానాలో నర్సు. ఒకరి డబ్బాలో కూర ఇంకొకరు తినకపోతే ఇద్దరికీ అన్నం అరగదు. వంటింట్లో ఇద్దరి మాటలూ నాకు వినబడుతూనే ఉన్నాయి.

"పన్నెండేండ్లు డబ్బ మోసినవు. దించమంటే దించవేందే?"

"ఇంట్ల పెద్దమనిషి పడ్డంక ఎట్ల పోను? లోకమేమంటది?"

"లోకమేమన్న నీ డబ్బ మోసిందా?"

"గది గాదే వినోదా. నాకు భయమైతుంది. నేను లేకుంటే ఇల్లు నడవకపోతే నా పాపమేమో అనిపిస్తది. నడిస్తేనేమో, ఇన్నొద్దులు నేనెందుకు ఉరికిన్నో అనిపిస్తది."

ఆ మాట నా కాలికి తగల్లేదు, ఇంకెక్కడో తగిలింది. లేచి వెళ్లి నిజం చెబుదామనుకున్నాను. కానీ కాలు లేవదని చెప్పింది నేనే కదా, ఎలా లేస్తాను?

ఆదివారం ఆరాధన ముగిసి గుడి నుంచి అందరూ వచ్చాక వినోద మళ్లీ దిగింది. ఈసారి చేతిలో సంచి ఉంది. అందులోంచి ఒక సూది తీసింది. సూది అని మర్యాదకు అంటున్నాను, బోరు వేసే కడ్డీ అది.

"పెద్దయ్యా, గీ నొప్పికి నడుముల ఏడు సూదులు పడాలె. మొదటిది జర నొస్తది."

"కడమయి?"

"కడమయి బాగ నొస్తయి."

నా వెన్ను తనంతట తానే గోడకు అంటుకుంది. "సూదులెందుకు బిడ్డా! ప్రార్థన లేదా? విశ్వాసముంటే కొండే జరుగుతది, నా కాలెంత!"

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో ఎలీసబెతు చప్పట్లు కొట్టింది. "విన్నరా? ఆయన నోటితోనే అడిగిండు! అనిల్, ఉరుకు. యేసుదాసు అయ్యగారిని పిలువు. సంఘమంత రావాలె."

పొద్దు వాలేసరికి మా ముందుగదిలో ముప్పై మంది. డోలు, తాళాలు, చాపలు. మా పాస్టరు అయ్యగారు నా బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలికి, ఒక్కో కీలుకు విడివిడిగా ప్రార్థన చేశారు. నాకు మోకాలిలో అన్ని ఎముకలున్నాయని ఆ రోజే తెలిసింది. ఈలోగా వెనక నుంచి మాంసం కూర వాసన. వచ్చినవాళ్లకని ఎలీసబెతు వండింది. రోగినని నాకు రెండు రోజులుగా జావ తప్ప ఇంకేమీ లేదు.

అయ్యగారు చెయ్యెత్తారు. "సాల్మన్ పెద్దయ్యా, విశ్వాసంతోటి లే!"

అరవై కళ్లు నా కాలి మీద. లేస్తే కోడలు పోతుంది. లేవకపోతే అయ్యగారి ప్రార్థన పోతుంది.

"ఇంక జర పట్టినట్టే ఉన్నది అయ్యగారు" అని సన్నగా అన్నాను.

"ఫికర్ లేదు అయ్యగారు" అంది నా దిక్కే ఉంటానన్న ఎలీసబెతు. "మూడొద్దులు ఉపాస ప్రార్థన పెడుదాం. అందరు ఈడనే ఉంటరు. రోగి గూడ ఉపాసమే."

"మంచి మాట తల్లీ" అన్నారు అయ్యగారు.

"ప్రార్థన సాగినన్ని రోజులు సాగనియ్యిండ్రి. ఎట్లయిన నా సంచి ఈడనే ఉన్నది" అంది మూలనుంచి వినోద.

లేచాను. లేవడం కాదు, ఎగిరాను. "స్తోత్రం!" అని ఇల్లు దద్దరిల్లింది. నడువమంటే నడిచాను. గంతెయ్యమంటే గంతేశాను. డోలు వాయించే అతను దరువు మార్చితే ఆ దరువుకు తగ్గట్టు కూడా గంతేశాను. "తాత మస్తు ఎగిరిండు!" అని షారోన్ చప్పట్లు కొట్టింది.

ప్రిస్కిల్లా నన్ను చూసింది, అత్తను చూసింది, వినోద సంచిని చూసింది. సూది చూడగానే రోగం మాయమైన మనుషులను ఆమె పన్నెండేళ్లలో ఎంతమందిని చూసి ఉంటుందో! కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు నవ్వు ఆపుకోలేకపోయాయి.

"దేవుడు ముట్టిన కాళ్లు ఊకె ఉండద్దు" అంది ఎలీసబెతు, సంఘమంతా వినేలా. "రేపటి సంది షారోన్‌ను బడికి తోలుడు, తెచ్చుడు ఆ కాళ్లదే. అనిల్, నువ్వు అంట్లు తోము. ప్రిస్కిల్లా, సంచి దించు బిడ్డా."

ముప్పై మంది "ఆమెన్" అన్నారు. అందులో నా గొంతూ, మా వాడి గొంతూ కాస్త ఆలస్యంగా కలిశాయి.

సోమవారం పొద్దున బస్టాండుకు సంచి మోసింది నేనే. ప్రిస్కిల్లా కిటికీ దగ్గర కూర్చుంది.

"మామా, నేను పోవచ్చా?"

"పో బిడ్డా. పోవద్దంటే మీ అత్త మళ్ల సంఘాన్ని పిలుస్తది."

నవ్వింది. ఏడ్చింది కూడా. "ఇల్లు..." అని ఏదో అనబోయింది.

"ఇల్లు కుంటుకుంట నడుస్తది తీ. నువ్వు లేని లోటు మాకు దినాం కనబడ్తది. గా భయం పెట్టుకోకు" అన్నాను. ఇది మాత్రం అబద్ధం కాదు. బస్సు కదిలింది.

వెనక్కి నడుస్తుంటే ఎలీసబెతు మామూలుగా, కూరగాయల ధర అడిగినట్టు అడిగింది. "అనిల్‌గాడు షారోనంత ఉన్నప్పుడు నాకు మిషన్ హాస్టల్ల వార్డెన్ నౌకరి వచ్చింది, యాదున్నదా?"

"ఉన్నది."

"అప్పుడు నీకు నడుము పట్టింది."

నేను రోడ్డు వైపు చూశాను. పట్టింది. పదిహేను రోజులు పట్టింది. ఆ నౌకరి వేరే ఆమెకు పోయిన మరునాడు వదిలింది.

"నేను నిజమే అనుకున్న" అంది. "దినాం ఉప్పు కాపడం పెట్టిన."

కోపంగా అని ఉంటే నా దగ్గర జవాబుండేది. కోపం లేదు. కనీసం "నిజంగనే పట్టింది" అనైనా అందామని నోరు తెరిచాను. రాలేదు. నా జన్మలో నోటిదాకా వచ్చిన అబద్ధాన్ని మింగింది ఆ ఒక్కసారే. అది గోదారి చేప ముల్లులా గొంతులో అడ్డం పడింది. ఇప్పటికి ఎన్ని నీళ్లు తాగానో లెక్క లేదు, దిగడం లేదు.