గవరమ్మకు వచ్చిన ఒక్క మాట

తినే ముద్దలో ఏ పోషకం ఉందో పేరు పెట్టి చెబితే తప్ప అది గొంతు దిగకూడదని ఉగాది మరునాడు ఉత్తర్వు వచ్చింది. గొంతులు ఆ పూట నుంచే అమలు చేశాయి. ఉప్పుకీ మంచినీళ్లకీ మినహాయింపు ఇచ్చారు. ఆ పేర్లు నేర్చుకోవడంలో మండలం మొత్తానికీ గెడ్డవలసదే మొదటి స్థానమని ఢంకా కొట్టి చెప్పవచ్చు.

ఒక్క దాలినాయుడికే రెండు రోజులుగా మెతుకు దిగలేదు. భార్య గవరమ్మ మొదటి పూటే పాసైంది. ముద్ద దిగినవాళ్లకు అంగన్‌వాడీ సూపర్‌వైజరమ్మ ఇచ్చే సర్టిఫికెట్టు గుమ్మానికి అంటించి ఉంది. "పెళ్లాం పాసు, మొగుడు పస్తు!" అని వీధిలో నవ్వుతుంటే దాలినాయుడికి ఆకలికంటే అదే ఎక్కువ మండింది. తోటకూర ముద్ద దవడన పెట్టుకుని అంగన్‌వాడీకి నడిచాడు.

"మావా, తోటకూరలో ఏటుంటాది?" అంది టీచరు హైమావతి.

"ఆకుంటాది."

"ఇనుము మావా, ఇనుము."

"ఇనుము తిండానికి నానేటి కమ్మరోడినా?"

తగువులో మాట వచ్చేసింది గనక తోటకూర జారిపోయింది. గొంతు కోపాన్ని పట్టించుకోదు, మాటనే చూస్తుంది. కానీ పప్పుకూ గుడ్డుకూ కావలసిన 'మాంసకృత్తులు' అన్న మాట మాత్రం ఎన్నిసార్లు వల్లించినా నాలుక మీదే ముక్కలైపోయింది.

మూడోనాడు, పెళ్లాం కిటుకేమిటో కనిపెడదామని అతను వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఆ ఊరి ఆడవాళ్లందరిలాగే గవరమ్మ కూడా మగాడు కంచం ముందు నుంచి లేచాకనే తింటుంది. కుండ అడుగున ఉన్న అన్నం గీకి, గంజి పోసుకుని, "పిండి పదార్థం" అంది. తినేసింది.

"మిగతా పేర్లేవే?"

"నా కంచానికి ఆ ఒక్కటీ సాల్తాది."

"మరి నాను తినకుండా ఒగ్గీసిన పప్పు, గుడ్డు?"

"రేపైనా నేర్సుకుంటావని దాసినాను."

దాలినాయుడు గడప మీంచి లేచాడు. ఉట్టి మీది గుడ్డు దింపి, రెండుగా కోసి, సగం ఆమె కంచంలో వేసి, సగం తన దవడన పెట్టుకున్నాడు. గవరమ్మ అది నోట్లో పెట్టుకుని "పిండి పదార్థం" అంది. దిగలేదు. మళ్లీ అంది. కళ్ల నీళ్లు తిరిగాయి.

"మాంసకృత్తులు అనవే! మాంసకృత్తులు!" అని అతను కేకేశాడు. మాట ముక్కలవకుండా వచ్చింది. ఆమె కూడా అంది. ఇద్దరి సగాలూ ఒకేసారి దిగాయి.

ఆమె పాసైన మాటకు గుడ్డు దిగలేదు గనక సూపర్‌వైజరమ్మ వచ్చి సర్టిఫికెట్టు వెనక్కి తీసుకుంది. అన్ని ఇళ్లూ తిరిగితే, పాసైన ఆడవాళ్లందరికీ వచ్చింది ఆ ఒక్క మాటే. మొదటి స్థానం కింది నుంచి లెక్కపెట్టాలని తేలింది. "వారి కంచములకు ఆ మాట చాలును" అని పై ఆఫీసు రాసి ఫైలు మూసేసింది. ఊరు కూడా సరేనంది. దాలినాయుడి ఇంట్లో మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరికొకరు మాట అందించుకుంటూ హాయిగా తింటున్నారు.

ఇందులో గొంతులు మూసుకుపోవడం కల్పన. కుండ అడుగు అన్నం కల్పన కాదు.