జబ్బ ముక్కకు బొమ్మ

మనిషికి దేవుడు నోరిచ్చింది తినడానికే గాని మాట్లాడటానికి కాదు! ఈ సంగతి నాకు డెబ్బై రెండో ఏట మా వీధి మాంసం కొట్టు నేర్పింది.

ఇదివరకు ఆ కొట్టు ఎంత అనాగరికంగా ఉండేదో చెబితే నమ్మరు. మొద్దు ముందు మాంసం కొట్టే అబ్బాయి నిలబడేవాడు, కత్తి తమ్ముడంటాను నేను. ముక్క పేరు చెప్పే పనే లేదు. నా భుజం తట్టుకుని "ఇక్కడిది తమ్ముడూ" అంటే చాలు. "బావకా, పిల్లలకా అక్కా?" అని అడిగేవాడు. తినేదెవరో తేలందే కత్తి ఎత్తేవాడు కాదు. ఎంత టైము దండగ!

ఇప్పుడు కొట్టు బాగుపడింది. అద్దాలు, ఏసీ, ముక్కకో కోడు నంబరు చూపించే స్క్రీను గోడకి. కత్తి తమ్ముణ్ణి గోడ వెనక్కి పంపేశారు. కస్టమర్లతో మాట్లాడకూడదట. గోడకున్న చిన్న కిటికీలోంచి చీటీ లోపలికెళ్తుంది, ప్యాకెట్టు బయటికొస్తుంది. శుభ్రత అంటే అదీ!

పోయిన వారం మా ఆయన పైపళ్లన్నీ పీకించుకున్నారు. నాలుగు రోజులు పాలు తప్ప ఏమీ ముట్టలేదు. ఐదో రోజు పొద్దున్నే, "జబ్బ ముక్క ఉడికించవే" అన్నారు. ఎగిరి గంతేసి కొట్టుకు పరిగెత్తాను.

కౌంటరు పిల్ల "కోడు చెప్పండి అమ్మమ్మా" అంది. నాకే కోడూ తెలీదు, నా భుజం తట్టుకుని చూపించాను.

"నొప్పా? మందుల షాపు పక్కనే ఉంది" అంది. ఎంత మంచి పిల్ల!

లోపలికెళ్లేది చీటీయేగా, బొమ్మే గీసిద్దామని ఇంటికొచ్చి మనవరాలి పెన్సిలు, కాగితం లాక్కున్నాను. మొదటి బొమ్మ చూసి "చెప్పు బాగుంది నానమ్మా" అంది. రెండోదాన్ని దిండంది. మూడోది మాత్రం కుదిరింది. కొవ్వు అంచు తెల్లగా వదిలాను. అలా వదలమనేది ఈ వీధిలో నేనొక్కదాన్నే. ఎముక గీసి, దాని మీద అడ్డంగా కొట్టేశాను. మా ఆయన పళ్లున్నన్నాళ్లూ ఎముక లేని ముక్క ముట్టిన మనిషి కాదు మరి.

చూశారా, నాలో ఇంత కళ ఉందని మాటలున్నన్నాళ్లూ బయటపడిందా? ఆస్పత్రుల్లోనూ ఇదే పెట్టాలి. కడుపునొప్పికి రంగులు కూడా వాడొచ్చు! మొగుడూపెళ్లాల మధ్య ఒక గోడా, ఒక పెన్సిలూ పెట్టి చూడండి, ఎన్ని కాపురాలు నిలబడతాయో!

మళ్లీ కొట్టుకెళ్తే, కౌంటరు పిల్ల నవ్వాపుకుంటూ నా బొమ్మను కిటికీలో పెట్టింది. లోపల కత్తి చప్పుడు ఆగింది. కాసేపటికి ప్యాకెట్టు వచ్చింది, కాగితమూ తిరిగొచ్చింది. దాని వెనక పెన్సిలుతో అచ్చం మా ఆయనలాంటి మీసాల ముఖం. తెరిచిన నోట్లో పళ్లు లేవు. పక్కన పెద్ద ప్రశ్న గుర్తు!

జవాబు గీద్దామని పెన్సిలు పట్టుకున్నాను. "నాలుగు రోజులైంది, ఇవాళే నోరు తెరిచి అడిగారు" అన్నది ఎలా గీస్తారండీ? వెనక లైనులో వాళ్లు సణుగుతున్నారు. ఇక ఆగలేక కిటికీలో తల పెట్టి అరిచాను:

"పళ్లే పోయాయి తమ్ముడూ, ఆకలి పోలేదు!"

"ఆ మాట ముందే చెప్పొద్దా అక్కా! ఆ ముక్క ఇలా ఇచ్చెయ్, బావకి సన్నగా కొట్టి ఇస్తా!"

అంత శుభ్రమైన కొట్టులో, అందరి ముందూ, మేమిద్దరం అలా కేకలేసుకున్నాం. సిగ్గుచేటు కాదూ? మా ఆయన మాత్రం ఆ పూట మారు అడిగి వేయించుకున్నారు.