ముసలమ్మకు పెట్టె

ఆ పొద్దున జీవరత్నం అనుకున్న పని చాలా చిన్నది. గవర్నర్‌పేట వెళ్ళి ట్రాక్టరుకు కొత్త బ్యాటరీ కొనాలి, భోజనం వేళకు ఇబ్రహీంపట్నం తిరిగి రావాలి. సాయంత్రం మద్రాసు నుంచి పెద్ద మదర్‌గారు కాన్వెంటు తోట చూడ్డానికి వస్తున్నారు. విదేశం నుంచి దానంగా వచ్చిన ఆ చిన్న ట్రాక్టరు ఆవిడ కళ్ళముందు నడిస్తే ఇక్కడే ఉంటుంది. నడవకపోతే ఇంకో కాన్వెంటుకు పోతుంది. ట్రాక్టరు లేని తోటకు మేనేజరు మాత్రం ఎందుకు? తమ వంశంలో మొట్టమొదట బి.ఎస్సీ. పాసైన జీవరత్నానికి ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఆ ట్రాక్టరును జీవరత్నమూ తోటమాలీ ముసలమ్మ అనేవారు. దగ్గుతూ లేచేది, మూలుగుతూ నడిచేది. ఈమధ్య లేవడం కూడా మానేసింది. ఊరి పక్కన కరెంటు తయారుచేసే పెద్ద స్టేషను కడుతున్నారు గాని, ముసలమ్మ బ్యాటరీలో చిన్న బల్బు వెలిగేంత కరెంటు కూడా మిగల్లేదు.

పాత బ్యాటరీని గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కబోతుంటే, భార్య మార్త తన తల్లి శౌరమ్మను కూడా వెంట పంపింది. ఆవిడకు కొత్త కళ్ళజోడు కావాలి.

"మా అమ్మని జాగ్రత్తగా తీసుకెళ్ళి, జాగ్రత్తగా తీసుకురండి" అంది మార్త.

అద్దాలు బిగించేసరికి మధ్యాహ్నం దాటుతుందంటే అత్తగారిని కళ్ళజోళ్ళ షాపులోనే కూర్చోబెట్టి, జీవరత్నం బ్యాటరీ షాపుకు వెళ్ళాడు. యజమాని రామకోటేశ్వరరావు పాతదాన్ని పరీక్ష చేసి పెదవి విరిచాడు.

"దీని పని అయిపోయిందండీ. కొత్తది తీసుకోండి. అన్నట్టు, బండిలో ఇది కూర్చునే పెట్టె చూసుకున్నారా? ఆసిడ్ కారి తుప్పు పట్టుంటది. కడిగించి ఉంచండి."

ఏ పనైనా ముందే చక్కబెట్టుకోవడం జీవరత్నం అలవాటు. కాన్వెంటు ఫోను పలకకపోవడంతో బస్టాండుకు పరుగెత్తి, బయల్దేరుతున్న బస్సులో తెలిసిన కండక్టరు నాగులును పట్టుకున్నాడు.

"నాగులూ, మా తోటమాలి మరియదాసుకి ఓ మాట చెప్పు. ముసలమ్మ పని అయిపోయింది. సాయంత్రానికి తీసుకొస్తాను, ఈలోపు పెట్టె రెడీ చేసి ఉంచమను."

నాగులు మొహం వాడిపోయింది. "అయ్యో! పొద్దున నా బస్సులోనే కదండీ తెచ్చారు!"

"తెచ్చాను. ఇక్కడికొచ్చాకే తేలింది" అన్నాడు జీవరత్నం.

ఇబ్రహీంపట్నంలో దిగిన నాగులుకు మరియదాసు ఎక్కడా కనబడలేదు. పెట్టె అన్నారు గనక, స్టాపు ఎదురుగా ఉన్న వడ్రంగి ఇశ్రాయేలుకే చెప్పడం మంచిదనుకున్నాడు. ఆ ఊరి క్రైస్తవుల్ని సమాధికి మోసుకెళ్ళే పెట్టెలన్నీ ఇశ్రాయేలు చేసినవే.

"జీవరత్నంగారి అత్తగారు పోయారంట. పెట్టె చెయ్యమన్నారు. సాయంత్రం తీసుకొస్తారంట."

ఇశ్రాయేలు చేతిలో ఉన్న మంచంకోడు పక్కన పడేసి పలకలు తీశాడు. గుడిలో చావుగంట మోగింది. మార్త వాకిట్లో కూలబడింది. పక్కింటి అమలమ్మ, "పొద్దున నా చేతి కాఫీ తాగి ఎల్లిందే!" అని గుండెలు బాదుకుంది. ముసలమ్మ అంటే ట్రాక్టరేమో అని అనుమానించగల మనిషి మరియదాసు ఒక్కడే. అతన్ని అప్పటికే గొయ్యి తవ్వడానికి పంపేశారు.

అక్కడ గవర్నర్‌పేటలో రామకోటేశ్వరరావు తాపీగా చెబుతున్నాడు. "కొత్తదానికి ఆసిడ్ పోసి ఛార్జింగులో పెట్టాలండీ. ఎల్లుండి రండి."

"ఎల్లుండా? సాయంత్రం మా పెద్ద మదర్‌గారు వస్తున్నారండీ!"

"ఎవరొచ్చినా అది తొందరపడదండీ."

జీవరత్నం ఉత్తచేతులతో, వేలాడేసిన మొహంతో సాయంత్రం బస్సెక్కాడు. ఇబ్రహీంపట్నం స్టాపులో జనం తెల్లబట్టలు కట్టుకుని నిలబడి ఉన్నారు. ముందుగా శౌరమ్మ దిగింది. కొత్త కళ్ళజోడులోంచి ఆవిడకు మొట్టమొదట స్పష్టంగా కనబడింది ఇశ్రాయేలు చేసిన పెట్టె.

"ఎవరు పోయార్రా?"

ఇశ్రాయేలు తలగుడ్డ తీసి, "మీరేనంటండీ" అన్నాడు.

శౌరమ్మ పెట్టెను ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. "నాకా? ఇంత పొట్టిదా? మోకాళ్ళు ముడుచుకుని పడుకోమంటావా?"

"కొలతలు చెప్పలేదండీ. అందాజుగా కొట్టాను."

మార్త తల్లిని కావలించుకుని ఏడ్చి, ఆ వెంటనే మొగుడి మీదికి తిరిగింది. "జాగ్రత్తగా తీసుకురమ్మంటే పెట్టె చెయ్యమని కబురెడతారా?"

"అది బ్యాటరీ పెట్టె! ముసలమ్మంటే ట్రాక్టరు!" అని జీవరత్నం మొత్తుకున్నాడు. ఇంతలో తెల్లకారు ఒకటి కాన్వెంటు గేటులోకి తిరిగింది. అది పెద్ద మదర్‌గారిదని జీవరత్నం గుర్తుపట్టాడు. "అయిపోయింది. బ్యాటరీ లేదు, ఉద్యోగమూ లేదు."

శౌరమ్మ అల్లుడి మొహం చూసింది. జనం వైపు తిరిగింది.

"పని మానుకుని వచ్చినోళ్ళు ఊరికే పోతారా? పదండి. నేను లేచాగా, ఆ ముసలమ్మని కూడా లేపండి!"

అందరూ తోటకు నడిచారు. జీవరత్నం ట్రాక్టరెక్కి గేరులో వేశాడు. శౌరమ్మను మొయ్యడానికి వచ్చిన భుజాలన్నీ కలిసి తోశాయి. ముసలమ్మ దగ్గింది, మూలిగింది, పొగ కక్కుతూ పెద్ద మదర్‌గారి ముందునుంచే వంగమడులవైపు నడిచింది.

ఆవిడ మురిసిపోయారు. "ఈ తోటంటే ఊరందరికీ ఇంత ప్రేమా! అందరూ ఎంత తెల్లగా తయారై వచ్చారు! ఇంతమందిని కూడగట్టే మేనేజర్ని వదులుకుంటామా?" ట్రాక్టరు ఉండిపోయింది, ఉద్యోగం ఖాయమైంది. పెట్టెను శౌరమ్మ ఇంటికి మోయించుకుపోయి ఎండుమిరపకాయలు పోసుకుంది.

అన్న రోజుకు కొత్త బ్యాటరీ వచ్చింది. అది పాతదానికంటే పెద్దది, ట్రాక్టరు పెట్టెలో పట్టలేదు. జీవరత్నం వడ్రంగి దగ్గరికి వెళ్ళాడు.

"ఇశ్రాయేలూ, మా ముసలమ్మకి ఇంకాస్త పెద్ద పెట్టె కావాలి."

చిత్రిక పడుతున్న ఇశ్రాయేలు చెయ్యి ఆపాడు. "కొలతలు తరవాత చెబుదురుగానండీ, ముందు మనిషిని చూపించండి."