అత్తగారి పాట, అల్లుడుగారి రేడియో

జీవానందం మాస్టారు ఆ శనివారం పొద్దున్న మంచం దిగకముందే రోజంతటికీ ఏర్పాట్లు చేసేసుకున్నారు. తొమ్మిదింటికి క్షౌరం, పన్నెండింటికి చేపల పులుసు, ఆపైన చిన్న కునుకు, అయిదింటికి వరండాలో చాపలు పరిపించడం, ఆరున్నరకి రేడియో పెట్టడం. ఆరూ ముప్పావుకి బెజవాడ కేంద్రం నుంచి ఆయన అత్తగారు వెంకాయమ్మ పాడిన ఊడ్పుల పాట వస్తుంది. బందరు పరాసుపేటలో ఆ వీధి వీధినంతా ఆయన స్వయంగా పిలిచి వచ్చారు.

రేడియో వాళ్లు జులైలో హంసలదీవి వైపు వెళ్లి, చేలగట్టు మీద యంత్రం పెట్టి, మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేస్తున్న వెంకాయమ్మ చేత పాడించుకుని పాట పట్టుకుపోయారు. అక్కడికక్కడే తిరిగి వినిపిస్తామన్నారు గానీ అంతలో వాన అందుకుంది. అరవై రెండేళ్లలో ఆవిడ తన గొంతు తాను విన్నది లేదు. అది వినడానికే బండెక్కి కోడూరు, కోడూరు నుంచి బస్సెక్కి బందరు వచ్చింది.

"ఒక్కసారే వేస్తారంట గదమ్మా? మళ్లీ వెయ్యరంట గదా?" అని రాత్రి నుంచి కూతురు దయామణిని అడుగుతూనే ఉంది.

ఆ ఆత్రంలో ఆవిడ నాలుగింటికే లేచి, నీళ్లు పోసుకుని, తడిసిన నేతచీరని పెరట్లో ఆరేసింది. పెరట్లో దండెం ఉంది. కానీ దానికన్నా ఎత్తుగా, ఎర్రగా, మరీ ముచ్చటగా రాగి తీగ ఒకటి కనిపించింది. చీర బరువుకి ఆ తీగ సాగి, స్నానాలగది రేకుని ఆనుకుంది.

ఏడింటికి వార్తల కోసం మాస్టారు రేడియో తిప్పితే అందులోంచి గుర్రుమనే శబ్దం తప్ప ఇంకేమీ రాలేదు. పక్కనుంచి కొట్టారు. పైనుంచి కొట్టారు. గుర్రు హెచ్చింది.

"విల్సన్‌కి కబురు పెట్టండి. కోనేరు సెంటర్లోనేగా కొట్టు? అరగంటలో వచ్చి చూసిపోతాడు" అంది దయామణి.

మాస్టారు వినిపించుకోనట్టు కళ్లజోడు తుడుచుకున్నారు. ఫిఫ్తు ఫారంలో విల్సన్‌ని సైన్సులో రెండేళ్లు వరసగా తప్పించిన చెయ్యి ఆయనదే. "నీకు టార్చిలైట్లో బ్యాటరీ వెయ్యడం కూడా రాదురా" అని క్లాసంతా వినేలా అన్న నోరూ ఆయనదే. ఆ కుర్రాడు చదువు మానేసి, మద్రాసు పోయి పని నేర్చుకొచ్చి, ఇప్పుడు బందరులో సగం రేడియోలకి తనే వైద్యుడై కూర్చున్నాడు. ఆ కొట్టు ముందునుంచి పోవాల్సి వస్తే మాస్టారు పక్క సందులోంచి పోతారు.

"ఇరవై ఆరేళ్లుగా విద్యుచ్ఛక్తి పాఠం చెప్తున్నవాణ్ణి. ఒక పెట్టె విప్పడానికి నాకు వాడు కావాలా?"

"పాఠం చెప్పడం వేరు, పెట్టె విప్పడం వేరండీ."

"పెట్టే నయం. ఎదురు ప్రశ్నలు వెయ్యదు" అని మాస్టారు స్క్రూడ్రైవరు కోసం పెరట్లోకి నడిచారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అత్తగారి చీర తలకి తగలకుండా వంగి మరీ వెళ్లారు.

రేడియో వెనక అట్ట ఊడదీస్తే లోపల దుమ్ములో అయిదు వాల్వులున్నాయి, మసి పట్టిన గాజుబుడ్లలా. మాస్టారిది పద్ధతి గల చెయ్యి. తడి సుద్దతో ఒక్కో వాల్వు మీదా ఒక అంకె, అది ఉండే కన్నం పక్కన అదే అంకె వేసి, అయిదింటినీ పీకి చేటలో వరసగా పేర్చారు. వాటిని పరీక్ష చెయ్యడానికి బడి ప్రయోగశాల నుంచి వోల్టుమీటరు తెస్తానని చొక్కా తొడుక్కుని బయల్దేరారు. క్షౌరం సంగతి అప్పటికే మర్చిపోయారు.

ఆయన తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. వెంకాయమ్మ వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒక పక్క బూడిద, ఒక పక్క మెత్తటి గుడ్డ. ఒళ్లో చేట. చేటలో అయిదు వాల్వులూ అద్దాల్లా మెరుస్తున్నాయి.

"మసి పట్టిన చిమ్నీల్లోంచి వెలుగెట్టా వస్తుంది అల్లుడుగారూ? మా ఇంట్లో పొద్దుగూకేసరికి మూడు లాంతర్లు తుడుస్తాను నేను. ఇదెంత పని!"

మాస్టారు ఒక్కో వాల్వూ తీసి తిప్పి చూశారు. సుద్ద అంకెలు పోయాయి. గాజు మీద కంపెనీవాళ్లు అచ్చేసిన అక్షరాలూ పోయాయి. అయిదూ అయిదుగురు కవలల్లా ఉన్నాయి. కానీ ఆవిడ ఆయన మొహంలోకి మెచ్చుకోలు కోసం చూస్తోంది. అంతదూరం నుంచి వచ్చిన పెద్దావిణ్ణి ఏమనగలరు?

"చాలా శుభ్రంగా ఉన్నాయండీ అత్తయ్యగారూ" అన్నారు. దయామణి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

సరిగ్గా అప్పుడు, సాయంత్రానికి కుర్చీలేమైనా కావాలా అని అడగడానికి పక్కింటి రామచంద్రమూర్తిగారు వచ్చారు. ఆయన కలెక్టరాఫీసులో హెడ్‌గుమాస్తా. ఏ చిక్కునైనా గీతలు గీసిన కాగితం మీదకి ఎక్కిస్తే సగం తీరిపోతుందని ఆయన నమ్మకం.

"అయిదు వాల్వులు, అయిదు కన్నాలు. అంటే నూట ఇరవై విధాలండీ మాస్టారూ" అని ఆయన అక్కడే నిలబడి లెక్కకట్టారు. "ఒక్కో విధానికి రెండు నిమిషాలనుకోండి, నాలుగ్గంటలు. ఇప్పుడు ఒంటిగంట. అయిదింటికల్లా పూర్తి!"

"శాస్త్రీయంగా ఉంది" అన్నారు మాస్టారు ప్రాణం లేచొచ్చి. ఆ నూట ఇరవైలో నూట పంతొమ్మిది తప్పుడు విధాలేనని, తప్పుడు విధానికి రేడియో ఊరుకోకపోవచ్చని ఆ ఇద్దరు విద్యాధికుల్లో ఒక్కరికీ తట్టలేదు.

రామచంద్రమూర్తిగారు తెల్లకాగితం తెచ్చి వరస సంఖ్య, విధము, ఫలితము అని మూడు గడులు గీశారు. మాస్టారు వాల్వులు మార్చడం, ఆయన రాసుకోవడం. ఫలితము గడిలో మొదట 'నిశ్శబ్దము' అని పడింది. తర్వాత కొన్నిసార్లు 'గుర్రు'. పన్నెండోసారి 'వాసన'. కాలుతున్న వాల్వులు చల్లారేదాకా ఆగాల్సి రావడంతో రెండు నిమిషాలు కాస్తా పది నిమిషాలయ్యాయి. చేపల పులుసు చల్లారిపోయింది. ఇరవై ఒకటోసారి రామచంద్రమూర్తిగారు చక్కటి దస్తూరీతో 'పొగ' అని రాస్తుండగా ఇంట్లో ఫ్యూజు పోయింది.

"ఫ్యూజు తీగ మరీ సన్నంగా ఉందండీ. అందుకే పోతోంది. కాస్త లావుది వెయ్యండి" అన్నారాయన.

ఆ మాట క్లాసులో ఏ కుర్రాడైనా అని ఉంటే మాస్టారు బెంచీ ఎక్కించి ఉండేవారు. కానీ గడియారం నాలుగున్నర దాటింది. లోపల వెంకాయమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంటోంది. మాస్టారు కళ్లు మూసుకుని లావుపాటి తీగ రెండు పేటలుగా వేసి బిగించారు.

ఇరవై రెండోసారి ఇంట్లో ఏమీ కాలేదు. వీధి చివర స్తంభం మీద మాత్రం టపాకాయ పేలినంత చప్పుడైంది.

"ఏమండీ! మన ఫ్యాను ఆగిపోయింది!" అని పక్కింట్లోంచి రామచంద్రమూర్తిగారి భార్య సత్యవేణి కేక పెట్టింది. ఆ వెనకే ఇంకో ఇంట్లోంచి, ఎదురింట్లోంచి, వరసగా కేకలు. వీధి మొత్తానికి కరెంటు పోయింది. మరీ అవసరమైతే పక్కింటి రేడియోలో విందాంలే అని దయామణి మనసులో దాచుకున్న ధైర్యం కూడా దాంతోపాటే పోయింది. లైన్‌మాన్ చిలకలపూడిలో ఎక్కడో స్తంభమెక్కి ఉన్నాడనీ, ఎనిమిదింటికి గానీ రాడనీ కబురు తెలిసింది.

అయిదున్నరకి పిలిచిన వాళ్లంతా వచ్చారు. వరండాలో చాపల నిండా మనుషులు, బల్ల మీద నోరు తెరుచుకున్న రేడియో. విషయం అర్థమయ్యాక ఒక్కొక్కరే లేవబోయారు. వెంకాయమ్మ మాత్రం రేడియో దగ్గరికి వచ్చి, దానికి ఒంట్లో బాగాలేనట్టు నెమ్మదిగా చేత్తో నిమిరింది.

"పోన్లెండి అల్లుడుగారూ. పొద్దుటి నుంచీ అన్నం తినకుండా నా కోసం అగచాట్లు పడ్డారు. నా పాట నాకు తెలియందా ఏంటి? ఇప్పుడు నేనే పాడతాను, అందరూ వినండి."

ఆవిడ నాలుగు మాటలు తిట్టినా మాస్టారికి ఇంత కష్టంగా ఉండేది కాదు. గోడ గడియారం చూశారు. ఆరవుతోంది. చెప్పులు తొడుక్కున్నారు.

"దయా, రిక్షా పిలువు. అమ్మని ఎక్కించు. కోనేరు సెంటరుకి" అన్నారు. ఏ కొట్టుకో దయామణి అడగలేదు.

రిక్షాలో తల్లీకూతుళ్లు, ముందు మాస్టారు, పక్కన కాగితం చంకలో పెట్టుకున్న రామచంద్రమూర్తిగారు, వెనకాల వీధివీధంతా. ఈసారి మాస్టారు పక్క సందులోకి తిరగలేదు. దారి పొడుగునా చెప్పాల్సిన వాక్యం ఒకటి తయారుచేసుకున్నారు. అందులో వాతావరణం, తీరిక లేకపోవడం, పరికరాల కొరత అన్నీ ఉన్నాయి. కొట్టు ముందుకి వెళ్లేసరికి విల్సన్ గబుక్కున లేచి నిలబడి, తన స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. అది చూసి మాస్టారు వాక్యమంతా మర్చిపోయారు.

"నా వల్ల కాలేదురా విల్సన్" అన్నారు.

విల్సన్ నవ్వలేదు. రామచంద్రమూర్తిగారు చూపించిన కాగితం ఆసాంతం చదివాడు, అప్పుడూ నవ్వలేదు. అందుకు అతను ఎంత కష్టపడ్డాడో అతని చెవులు చూస్తే తెలుస్తోంది.

"ముందు ఏరియల్ చూశారాండీ మాస్టారూ?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏరియల్ అంటే ఏంటి బాబూ?" అంది వెంకాయమ్మ.

"పెరట్లో కడతారు గదండీ మామ్మగారూ, పొడుగ్గా రాగి తీగ."

"అదా! బాగానే ఉందయ్యా. పొద్దున్నే నా చీర ఆరేసుకున్నాను. కాస్త వంగి రేకుని ఆనుకుందనుకో. కానీ ఎంత తొందరగా ఆరిందనుకున్నావు!"

రామచంద్రమూర్తిగారు విల్సన్ చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

"రేకుని ఆనితే తీగ పట్టిందంతా నేలలోకే పోతుందండీ. అయితే రేడియోకి ఏమీ కాలేదన్నమాట" అన్నాడు విల్సన్ మెల్లిగా.

"పొద్దున కాలేదు" అంది దయామణి.

పాటకి ఇంకా రెండు నిమిషాలుంది. విల్సన్ కొట్టులో ఉన్న వాటిల్లోకెల్లా పెద్ద రేడియో తెచ్చి గుమ్మంలో పెట్టి తిప్పాడు. స్టూలు మీద వెంకాయమ్మని కూర్చోబెట్టాడు. "హంసలదీవి ప్రాంతం నుంచి వెంకాయమ్మ, బృందం" అని రేడియోలో ఎవరో అనగానే రోడ్డు మీద పోయే సైకిళ్లు కూడా ఆగాయి. అంతలో పాట మొదలైంది. వెనకాల బురదలో కాళ్ల చప్పుడు, ఎక్కడో కొంగ అరుపు, వాటి మీదుగా గట్టిగా, తేటగా, కాస్త ముక్కుతో ఒక ఆడగొంతు. వీధి మొత్తం గర్వంగా ఆవిడ వైపు చూసింది. ఆవిడ మాత్రం భృకుటి ముడిచి, చెవి రేడియోకి ఆనించి, ఊపిరి బిగబట్టి వింది.

పాట అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇది నా గొంతు కాదు" అంది వెంకాయమ్మ.

చప్పట్లు ఆగిపోయాయి.

"పేరు నాదే చెప్పారు. పాటా నాదే. గొంతు మాత్రం మా అమ్మది." ఆవిడ కళ్లు నిండిపోయాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "మా అమ్మ పోయి నలభై ఏళ్లయిందమ్మా దయా. చేలో నా పక్కనే వంగి నాటేస్తూ పాడినట్టుంది."

దయామణి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. విల్సన్ మర్యాద కోసం, "స్పీకర్లో ఏదన్నా తేడా ఉందేమో, విప్పి చూస్తానండీ" అన్నాడు.

వెంకాయమ్మ చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"తేడా ఉంటే ఉండనీ నాయనా. దాన్ని ముట్టుకోమాక" అని, మాస్టారి వైపు తిరిగి, "అల్లుడుగారూ, మీరు అసలే ముట్టుకోవద్దు" అంది.

ఎవరి గొంతు వారికి ఎందుకు కొత్తగా వినిపిస్తుందో మాస్టారికి కారణంతో సహా తెలుసు. నోరు తెరిచారు, దయామణి వైపు చూశారు, మూసేశారు. తెలిసిన జవాబు చెప్పకుండా ఊరుకోవడం ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయనకి అదే మొదటిసారి.